ఎలుక పడిన బోను కడగాలా, అలాగే పెట్టాలా?

పాలమూరు పల్లిరైతు: యాసంగికి దాచిన విత్తనపు పల్లికాయ వెనక అర్రలో ఉంది. మొదట ఒక చిట్టెలుక బోనులో పడింది. ఆ తర్వాత ఒక్కటీ పడట్లేదు, సంచులకు మాత్రం కొత్త బొక్కలు పడుతున్నాయి. వేడినీళ్లతో కడిగి ఎండబెట్టమంటది అమ్మ. కడిగితే సబ్బు వాసనకే రావంటాడు తమ్ముడు. తెలిసినోళ్లు చెప్పండి.

మిర్యాలగూడ మిల్లు: కడగాలి తమ్మీ. మా గోదాంలో ఏళ్లుగా చూస్తున్నా. ఒకటి పడి చచ్చిన బోను దగ్గరికి ఇంకోటి రాదు.

దేవరకొండ సైన్స్ సారు: కడగొద్దు. ఎలుకకు మూత్రమే గుర్తింపు కార్డు. అది మగదా ఆడదా, తన రక్తసంబంధమా బయటిదా, అన్నీ తోటి ఎలుకలు అందులోనే తెలుసుకుంటాయి. మగ ఎలుక మూత్రంలో డార్సిన్ అనే ప్రోటీన్ ఉంటుందని లివర్‌పూల్ యూనివర్సిటీ వాళ్లు 2010లో చెప్పారు. ఆ వాసన తగిలిన చోటును ఆడ ఎలుక గుర్తుపెట్టుకుని మళ్లీ వస్తుంది. ఆడదాని మూత్రం వాసన వస్తే చాలు, ఆడది ఎదురుగా లేకపోయినా మగది పాట ఎత్తుకుంటుంది. మన చెవికి 20 కిలోహెర్ట్జ్ దాటితే వినపడదు, దాని పాట అంతకు చాలా పైన ఉంటుంది. అమెరికాలో సెయింట్ లూయిస్ శాస్త్రవేత్తలు 2005లో ఆ శబ్దాన్ని మనకు వినపడేలా మార్చి చూస్తే, పక్షి పాటలాగే రకరకాల స్వరాలు, మళ్లీ మళ్లీ వచ్చే వరసలు కనిపించాయి. అంత పని చేసే వాసనను మీరు కడిగి పారబోయమంటున్నారు.

వనపర్తి వాసి: పిల్లిని పెంచండి, అయిపోతది.

మిర్యాలగూడ మిల్లు: సారూ, పాటల ముచ్చట ఎవరడిగారు? మీరు చెప్పేవి ల్యాబులో పెట్టెల్లో పెరిగిన ఎలుకలు. మా దగ్గర తిరిగేవి పందికొక్కులు. గోడ కింద బొరియ తవ్వి వడ్లు దాచుకునే జాతి అది.

దేవరకొండ సైన్స్ సారు: ఆయన రాసింది చిట్టెలుక అని. పందికొక్కు అనలేదు. పైన మళ్లీ చదవండి.

మిర్యాలగూడ మిల్లు: అర్రలో ఏది తిరుగుతుందో మీరు చూశారా?

కోదాడ కుర్రోడు: ప్లగ్గుకు పెట్టే సౌండ్ మిషన్ వాడండి అన్నా. మనకు వినపడదు, వాటికి తలనొప్పి.

దేవరకొండ సైన్స్ సారు: డబ్బు దండగ. అంత సన్నని శబ్దం గోడ దాటదు, బస్తాల వెనక్కి పోదు, కొంచెం దూరం పోగానే బలం తగ్గిపోతుంది. మొదట్లో బెదిరినా తర్వాత అలవాటు పడతాయి. ఈ మిషన్లు తయారుచేసే, అమ్మే 60కి పైగా కంపెనీలకు అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2001లో హెచ్చరిక పంపింది, రుజువు లేకుండా ప్రచారం చేయొద్దని.

జువాలజీ అమ్మాయి, మహబూబ్‌నగర్: సారూ, అన్నా, మీరిద్దరూ ఒకే వాసన గురించి మాట్లాడట్లేదు. మామూలుగా తిరిగిన ఎలుక వదిలే వాసన వేరు, ప్రాణభయంతో వదిలేది వేరు. ముక్కు కొసన గ్రూనెబెర్గ్ గాంగ్లియన్ అనే చిన్న కణాల గుంపు ఉంటుంది. ఆ భయం వాసనను పట్టేది అదేనని స్విట్జర్లాండ్ శాస్త్రవేత్తలు 2008లో చూపించారు. కాబట్టి ఎలుక బోనులో ఎంతసేపు కొట్టుకుంది, అందులోనే చచ్చిందా, అది ముందు చెప్పాలి.

మిర్యాలగూడ మిల్లు: అమ్మా, నేను మొదట చెప్పింది అదే కదా, చచ్చిన బోను అని. తమ్మీ, బోనుతో కాకుంటే జింక్ ఫాస్ఫైడ్ పెట్టు. రెండు రోజులు ఉత్త నూకలు నూనె కలిపి పెట్టి, మూడో రోజు మందు కలుపు. ముందే మందు పెడితే అనుమానపడి ముట్టవు.

దేవరకొండ సైన్స్ సారు: ఇంట్లో అర్రలోనా? మీకు బుద్ధుందా? ఆ మందు కడుపులోకి పోగానే విషవాయువు పుడుతుంది, దానికి విరుగుడు లేదు. మా వాడకట్టులో ఎవరో మందు పెట్టారు. మేం పెంచుకున్న కుక్క అది తిని వాకిట్లో గిలగిల కొట్టుకుని పోయింది. నా బిడ్డ పక్కనే నిలబడి చూసింది. మీరు కడుగు, కడుగు అన్నప్పుడే అనుకున్నా, చివరికి మందు దగ్గరికే వస్తారని.

మిర్యాలగూడ మిల్లు: ఒకటో తారీఖు జీతం పడేవాళ్లు ఏమైనా చెప్తారు. పోయిన ఏడాది సంచులకు బొక్కలున్నాయని ఒక వ్యాపారి నా లోడు మొత్తానికి రేటు కోశాడు. ఎలుకలు ఎంత తిన్నాయో దానికన్నా అదే ఎక్కువ. విత్తనం పోతే ఈ తమ్ముడు ఎవరి దగ్గర అప్పు చేయాలి? మీకు కుక్క బాధ, నాకు రైతు బాధ.

దేవరకొండ సైన్స్ సారు: నాకూ రైతు బాధే. ఆ అర్రలో ఎవరు పడుకుంటారో ముందు అడగండి అంటున్నా.

పాలమూరు పల్లిరైతు: పిల్లలు పడుకుంటారు సారూ. మందు పెట్టను. పడినది రాత్రంతా కొట్టుకుని బోనులోనే చచ్చింది, తెల్లారి చూశాం. అన్నా, నీ మాట మీద దీన్ని కడుగుతా, సబ్బు లేకుండా. పక్కింటోళ్ల బోనులో నిన్న ఒకటి పడితే వెంటనే తీసేశారు. సారు మాట మీద దాన్ని కడగకుండా తెచ్చిపెడతా.

మిర్యాలగూడ మిల్లు: సరే. రెండిట్లో ఒకే మేత పెట్టు. పల్లీ పెడితే అర్రంతా అదే ఉంది, ముట్టవు. ఎండుచేప పెట్టు.

జువాలజీ అమ్మాయి, మహబూబ్‌నగర్: రెండు బోన్లనూ గోడవారనే పెట్టి, రోజూ చోట్లు మార్చండి అన్నా. లేకుంటే చోటు వల్ల పడ్డదో వాసన వల్ల పడ్డదో తెలియదు.