బేస్‌మెంట్‌లో వెట్ బార్: స్లాబ్ కోయాలా, పంపు పెట్టాలా?

కమ్మింగ్‌కాపు:
అందరికీ నమస్తే. అట్లాంటా దగ్గర కమ్మింగ్‌లో ఇల్లు కొని నాలుగేళ్లయింది, బేస్‌మెంట్ ఇంకా బోడి కాంక్రీటుగానే పడుంది. ఈ ఏడాది ఎలాగైనా పూర్తి చేయించి ఒక మూల చిన్న వెట్ బార్, అంటే సింక్ కూడా ఉండే బార్ కౌంటర్, పెట్టుకోవాలని ఉంది. బిల్డర్ బాత్‌రూమ్ కోసం కింద నేల కాంక్రీటు స్లాబ్‌లోంచి పైపులు పైకి తీసి వదిలేశాడు, కానీ నేను బార్ అనుకుంటున్నది దానికి ఎదురు మూల, పెరట్లోకి తలుపు ఉన్న వైపు. మధ్యలో 22 అడుగుల దూరం. ఒక కాంట్రాక్టర్ స్లాబ్ కోయాల్సిందే అంటాడు, ఇంకొకాయన కోయక్కర్లేదు, సింక్ నీళ్లు పైకి తోసే పంపు పెడదాం అంటాడు, ఎవరి మాట వినాలో తెలియక టెన్షన్. అసలు సింక్ మానేసి ఉత్త కౌంటరూ ఫ్రిజ్జూ పెట్టుకుంటే పోలా? బార్ అనుకుంటున్న గోడ పొడవు 9 అడుగులు. ఇంకో సంగతి, మా మామగారు వాళ్లు వస్తే ఆరు నెలలు కిందే ఉంటారు, ఆయనకి మందు సీసా కనిపిస్తేనే ముఖం మాడిపోతుంది.

రెండిళ్లఅనుభవం:
నేను ప్లంబర్ని కాదు, రెండిళ్లకి బేస్‌మెంట్ చేయించి చేతులు కాల్చుకున్నవాణ్ణి, అందుకని చెప్తున్నా. ముందు కిందకి వెళ్లి మీ ఇంటి పెద్ద డ్రైన్ పైపు ఎటు పోతుందో చూడండి. అది నేలలోకి దిగిపోతుంటే బార్ నీళ్లు వాటంతట అవే పోతాయి, పంపు అక్కర్లేదు. నేలకి మూడు నాలుగు అడుగుల ఎత్తులో గోడలోంచి బయటికి పోతుంటే మాత్రం బాత్‌రూమ్‌కైనా బార్‌కైనా పంపు తప్పదు. ఆ పంపు ఆగితే కింద సింకూ ఆగినట్టే, పైగా ఆన్ అయినప్పుడల్లా గుర్రుమంటుంది, పక్క గదిలో మామగారు పడుకుని ఉంటారు కదా.

నేలలోకే పోతుంది అనుకుందాం. సింక్ పైపుకి అడుగుకి పావు అంగుళం వాలు ఇవ్వాలి, 22 అడుగులకి అయిదున్నర అంగుళాలు. అంటే అంత పొడవూ స్లాబ్ కోసి, మట్టి తవ్వి, పైపు వేసి, మళ్లీ కాంక్రీటు పోయాలి. ఆ దుమ్ము పై అంతస్తు దాకా వస్తుంది, మా ఆవిడ ఇప్పటికీ దెప్పుతుంది. నా మాట వింటే బార్‌ని బాత్‌రూమ్ గోడకి అవతలి వైపు ఆనించండి, కోత రెండు మూడు అడుగులతో అయిపోతుంది, నీళ్ల పైపులూ అక్కడే దొరుకుతాయి. వెంట్ సంగతి ఎవరూ చెప్పరు, మీరే అడగండి. ఆ గాలి గొట్టం లేకపోతే సింక్ గుడగుడమంటూ ట్రాప్‌లో (మురుగు వాసన రాకుండా సింక్ కింద నీళ్లు నిలిచి ఉండే వంపు పైపు) నీళ్లు లాగేస్తుంది. గొట్టానికి బదులు సింక్ కిందే పెట్టే ఎయిర్ వాల్వ్ ఒకటి ఉంటుంది, మీ కౌంటీ ఇన్‌స్పెక్టర్ ఒప్పుకుంటాడో లేదో ముందే కనుక్కోండి. పర్మిట్ ఎగ్గొడదామని మాత్రం చూడొద్దు, ఇల్లు అమ్మేటప్పుడు బయటపడుతుంది.

అమ్మలక్క:
సింక్ మానేయొద్దు తమ్ముడూ, మేం మానేసి ఏడ్చాం. రెండేళ్లు గ్లాసులన్నీ ట్రేలో పెట్టుకుని మెట్లెక్కి పైన కడిగి మళ్లీ దింపడం, ఆ పని ఎవరి నెత్తిన పడిందో చెప్పక్కర్లేదు. బార్ అని పేరే గానీ మా ఇంట్లో దాని మీద మందు పోసేది ఏడాదికి అయిదారు సార్లు, మిగతా రోజులన్నీ టీ, పిల్లల పుట్టినరోజులు, సినిమా చూసేటప్పుడు మిర్చి బజ్జీలు. అందుకని 15 అంగుళాల బుజ్జి సింక్ చూపిస్తే మోసపోవద్దు, అందులో టీ గిన్నె కూడా పట్టి చావదు. 9 అడుగుల గోడ ఉంది కాబట్టి పెద్దదే పెట్టించు, కుళాయి మెడ ఎత్తుగా ఉండాలి.

పైన రాయి మార్బుల్ వద్దు, నిమ్మకాయ రసం పడితే మెరుపు పోయి మచ్చ మిగులుతుంది. క్వార్ట్జ్ అయితే ఆ బాధ లేదు, లేత రంగైతే పసుపు పడగానే తుడిచేయాలి. వేడి గిన్నె మాత్రం నేరుగా దించొద్దు.

ఫ్యూజుబాబు:
కరెంటు గురించి ఎవరూ అనలేదే. 1500 వాట్ల కెటిల్ ఒక్కటే 12 ఆంపులు దాటి లాగుతుంది, దానికి తోడు అదే లైన్ మీద మైక్రోవేవ్ వేస్తే 20 ఆంపుల బ్రేకర్ ఠక్కున పడిపోతుంది. ఫ్రిజ్‌కి వేరే లైన్, కౌంటర్‌కి వేరే లైన్ లాగించండి. ఫ్రిజ్ కొనేటప్పుడు వేడి ముందు నుంచి వదిలేదే తీసుకోండి. నేను కక్కుర్తి పడి హాస్టల్ గదుల్లో పెట్టే రకం చిన్నది కొని క్యాబినెట్‌లో బిగించా, దాని వేడి వెనక నుంచి పోవాలి, పోయే దారి లేదు, మొదటి ఎండాకాలంలోనే కంప్రెసర్ పోయింది.

ఎత్తు కూడా ఇప్పుడే తేల్చుకోండి. కౌంటర్ 36 అంగుళాలైతే స్టూల్ సీటు 24 నుంచి 26, బార్ 42 అయితే సీటు 30. పెద్దవాళ్లు ఉండే ఇల్లంటున్నారు, 36 చాలు, 30 అంగుళాల స్టూల్ ఎక్కించి వాళ్ల మోకాళ్లతో ఆడుకోవద్దు.

గుంటూరుమిర్చి:
మామగారి సంగతికి మందు నా దగ్గరుంది 😀 పై షెల్ఫులకి గాజు తలుపులు కాకుండా చెక్క తలుపులు పెట్టించి తాళం వేసేయ్, ఎదుట హార్లిక్స్ సీసా, ఫిల్టర్ కాఫీ డబ్బా. పిల్లలు తిరిగే ఇల్లైతే తాళం ఎలాగూ కావాలి. ఆయన ముందు బార్ అనకు, కాఫీ కౌంటర్ అను.

కమ్మింగ్‌కాపు:
అందరికీ థాంక్స్. టేపు పట్టుకుని కిందకి వెళ్లొచ్చా. పెద్ద పైపు నేలలోకే పోతుంది, కాబట్టి పంపు ఆయన్ని పక్కన పెట్టేశా. బాత్‌రూమ్ వెనక గోడ 7 అడుగులే ఉంది, అయినా 24 అంగుళాల ఫ్రిజ్, 24 సింక్ క్యాబినెట్ పోను 3 అడుగుల కౌంటర్ మిగులుతోంది, చాలంటోంది మా ఆవిడ. తనే అడిగింది, పెరటి తలుపు దగ్గర ఖాళీ అయిన మూలలో పూజ గది పెడదామా అని. అక్కయ్యా, నెలల తరబడి సింక్ వాడకపోతే వాసన వస్తుందని విన్నా, నిజమేనా?

అమ్మలక్క:
ట్రాప్‌లో నీళ్లు ఎండిపోతే వస్తుంది. వాడినా వాడకపోయినా వారానికోసారి ఒక చెంబుడు నీళ్లు పొయ్యి.