కొత్త బ్యాటరీ వేసినా మూడో రోజుకి లేవని 2004 మారుతీ 800 – ఎక్కడ వెతకాలి?

రాయగడ తమ్ముడు:
అందరికీ నమస్కారం. మాది 2004 మోడల్ మారుతీ 800, ఎంపీఎఫ్ఐ (ఇంజిన్‌లోకి పెట్రోలు చిమ్మడం కంప్యూటర్ చూసుకునే రకం). మా మావయ్య వాడి ఇచ్చిన బండి. నేను ఉండేది రాయగడలో. వారానికో పదిరోజులకో కూనేరు మీదుగా పార్వతీపురం అమ్మ దగ్గరికి వెళ్లడానికే బయటికి తీస్తాను. రెండు నెలలుగా ఒకటే బాధ. రెండు రోజులు కదపకుండా ఉంచితే మూడో రోజు సెల్ఫ్ కొట్టగానే 'టిక్' అంటుంది, అంతే. ఇక్కడి గ్యారేజీలో చూపిస్తే ముందు బ్యాటరీ మార్చమన్నారు. మార్చాను. మళ్లీ అదే కథ. ఇప్పుడు డైనమో మొత్తం మార్చాలంటున్నారు.
ఇంకోటి కూడా ఉంది. రాత్రిపూట ఎడమ ఇండికేటర్ వేస్తే ఎడమ హెడ్‌లైటు దాంతోపాటు మినుకుమినుకుమంటుంది. రెండింటికీ సంబంధం ఉందా? డైనమోకి డబ్బు పెట్టే ముందు ఒకసారి అడుగుదామని.

గుణుపురం టాక్సీ:
డైనమో పనిచేస్తుందో లేదో రెండు నిమిషాల్లో తేల్చేయొచ్చు గురూ. ఇంజిన్ స్టార్ట్ చేసి బ్యాటరీ నెగటివ్ వైరు పీకెయ్. ఇంజిన్ ఆగిపోయిందా, డైనమో పోయినట్టే. మా మేస్త్రీ నేర్పింది ఇదే.

పర్లాకిమిడి అక్క:
తమ్ముడూ, ఆ పని మాత్రం చెయ్యకు. అన్నగారు తప్పుగా అనుకోకండి, అంబాసిడర్ రోజుల్లో చెల్లిపోయింది. ఇంజిన్ తిరుగుతుండగా బ్యాటరీ తీసేస్తే డైనమో ఓల్టేజీ ఒక్కసారిగా పైకి ఎగురుతుంది. ఆ దెబ్బని మింగడానికి అక్కడ బ్యాటరీ ఉండదు. డైనమో లోపలి డయోడ్లు పోవచ్చు, ఎంపీఎఫ్ఐ బండి కాబట్టి కంప్యూటర్ కూడా పోవచ్చు. మాది ఆటో ఎలక్ట్రికల్ షాపు, ఇలా పోయిన కేసులు నేనే బల్ల మీద విప్పాను.
మూడొందలు పెట్టి ఒక మల్టీమీటర్ కొను. వస్తువులు మార్చుకుంటూ పోతే జేబు ఖాళీ అవుతుంది గానీ తప్పు దొరకదు.

రాయగడ తమ్ముడు:
అక్కా, మొన్న గ్యారేజీలో సరిగ్గా ఆ పనే చేశారు! ఇంజిన్ ఆగలేదు. అయినా డైనమో మార్చాలనే అన్నారు. మీటర్ రేపు కొంటాను.

జయపూర్ మాస్టారు:
బాబూ, నీ బండిలో రెండు వేర్వేరు జబ్బులున్నట్టు నాకు అనిపిస్తోంది. రెండింటినీ ఒకటే అనుకుంటే రెండూ దొరకవు. ముందు ఈ నాలుగు కొలతలు తీసి పెట్టు. మీటరు డీసీ 20 ఓల్టుల దగ్గర ఉంచాలి.
బ్యాటరీని బయట ఛార్జింగ్ పెట్టించి, ఒక రాత్రి విడిగా ఉంచి, పొద్దున్న రెండు కొనల మధ్య చూడు. 12.6 దగ్గర ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగమే.
తర్వాత బిగించి, ఇంజిన్ స్టార్ట్ చేసి మళ్లీ అక్కడే చూడు. 13.8 నుంచి 14.5 మధ్య రావాలి.
మూడోది, ఇంట్లో ఎవరినైనా సెల్ఫ్ కొట్టమని, ఆ క్షణంలో బ్యాటరీ ఓల్టేజీ ఎంతకి పడిందో చూడు.
నాలుగోది చాలామంది చూడనిది. మీటరు ఒక పుల్ల బ్యాటరీ నెగటివ్ మొన మీద, రెండోది ఇంజిన్ బ్లాకు మీద రంగు లేని ఇనుముకి ఆనించి సెల్ఫ్ కొట్టించు. మొన మీద అన్నాను, క్లాంపు మీద కాదు. బాగున్న బండిలో అర ఓల్టు కూడా చూపించదు.

రాయగడ తమ్ముడు:
మాస్టారూ, లెక్కలు ఇవిగో. ఒక రాత్రి విడిగా ఉంచితే 12.6. ఇంజిన్ నడుస్తుండగా 14.1. సెల్ఫ్ కొడుతుంటే బ్యాటరీ 11.3కి పడింది. నెగటివ్ నుంచి ఇంజిన్‌కి 1.7 చూపించింది. సెల్ఫ్ బద్ధకంగా తిరుగుతోంది, ఎక్కలేని గాటీలో లారీ మూలిగినట్టు.

జయపూర్ మాస్టారు:
చూశావా, సెల్ఫ్ బద్ధకంగా ఉంది గానీ బ్యాటరీ 11.3 దగ్గర దర్జాగా నిలబడింది. బ్యాటరీ నీరసంగా ఉంటే 9కో 8కో జారిపోయేది. శక్తి ఉంది, దారిలో పోతోంది. ఎంత పోతోందో నీ నాలుగో కొలతే చెప్పింది, 1.7 ఓల్టులు.
బ్యాటరీ నెగటివ్ నుంచి బాడీకీ గేర్‌బాక్సుకీ పోయే ఎర్త్ కేబుళ్లు విప్పి చూడు. విప్పేటప్పుడు ముందు నెగటివ్, బిగించేటప్పుడు చివర నెగటివ్. ఉంగరం తీసి జేబులో వేసుకో. పాజిటివ్ మీద పెట్టిన పానా పొరపాటున బాడీకి తగిలిందంటే పానా ఎర్రగా కాలుతుంది.

రాయగడ తమ్ముడు:
విప్పాను. గేర్‌బాక్సు దగ్గర బోల్టు పైకి చక్కగా బిగుతుగానే ఉంది. తీస్తే లోపల రింగు కింద తెల్లటి పచ్చటి చిలుము, గోటితో గీస్తే సున్నంలా రాలింది. కేబుల్ కొసని వంచి చూస్తే తొడుగు లోపల రాగి తీగలు సగం నల్లబడి తెగిపోయి ఉన్నాయి. కేబుల్ మార్చాను. బోల్టు కింద చోటుని ఎమరీ పేపరుతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన వ్యాసలీన్ రాశాను. బ్యాటరీ క్లాంపులు వంటసోడా కలిపిన వేడినీళ్లతో కడిగాను. ఇప్పుడు నాలుగో కొలత 0.2. సెల్ఫ్ ఎంత చురుగ్గా తిరుగుతోందంటే మా ఆవిడ కిటికీలోంచి తొంగి చూసింది.

పర్లాకిమిడి అక్క:
మన వైపు వానలకి ఎర్త్ బోల్టులే ముందు పోతాయి. హెడ్‌లైటు కూడా అదే రకం జబ్బు. లైటు వెనక బాడీకి పోయే నల్ల వైరు ఉంటుంది. లైటు వేసి, ఆ వైరుకీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య ఓల్టులు చూడు. హెడ్‌లైటు బల్బు ఐదు ఆంపియర్ల దాకా లాగుతుంది. ఎర్త్ బోల్టు దగ్గర తుప్పు వల్ల అర ఓమ్ అడ్డం వచ్చినా అక్కడే రెండు ఓల్టులకి పైగా పోతాయి. ఇండికేటర్ కరెంటు కూడా అదే బోల్టు మీదుగా తిరిగి రావాలి. అందుకే అది వెలిగినప్పుడల్లా ఇది మసకబారుతుంది. బల్బు మార్చి ఉంటే ఏమీ లాభం ఉండేది కాదు.

రాయగడ తమ్ముడు:
2.4 వచ్చింది అక్కా. రుద్ది బిగించాను, మినుకు పోయింది. కానీ అసలు బాధ అలాగే ఉంది. మూడో రోజు పొద్దున్న బ్యాటరీ 11.9.

గుణుపురం టాక్సీ:
స్టీరియో గురూ. కొత్తగా వేయించినవన్నీ అంతే, ఆఫ్ చేసినా తాగుతూనే ఉంటాయి.

జయపూర్ మాస్టారు:
కావచ్చు. ఊహ ఎందుకు, కొలుద్దాం. తాళం తీసెయ్, లైట్లన్నీ ఆర్పెయ్, డోర్ దగ్గర నొక్కుడు స్విచ్చిని టేపుతో అణిచి పెట్టు, లేకపోతే లోపలి లైటు లెక్కలోకి వస్తుంది. మీటరు ఎర్ర పుల్లని 10 ఆంపియర్ల రంధ్రంలోకి మార్చు. బ్యాటరీ నెగటివ్ క్లాంపు ఊడదీసి, నల్ల పుల్ల బ్యాటరీ మొనకీ, ఎర్ర పుల్ల ఊడిన క్లాంపుకీ పెట్టు. కరెంటంతా ఇప్పుడు మీటరు గుండానే పోతుంది కాబట్టి పొరపాటున కూడా తాళం తిప్పొద్దు, సెల్ఫ్ కొట్టొద్దు. నీ బండికి 0.02, 0.03 వస్తే మామూలే, 0.05 దాటితే వెతకాలి. కొలత అయ్యాక ఎర్ర పుల్లని మళ్లీ ఓల్టుల రంధ్రంలోకి మార్చడం మరిచిపోకు. అలాగే వదిలేసి బ్యాటరీ ఓల్టులు చూస్తే నేరుగా షార్టే. నా మొదటి మీటరు అలాగే పోయింది.

రాయగడ తమ్ముడు:
0.43 ఆంపియర్!

జయపూర్ మాస్టారు:
ఇక లెక్క నువ్వే వెయ్యి. 0.43 ఇంటూ 24, రోజుకి పది ఆంపియర్ అవర్లు. నీ బ్యాటరీ 35 అనుకుంటాను. రెండు రోజుల్లో సగానికి పైగా ఖాళీ. మూడో రోజుకి 'టిక్' అనక ఏం చేస్తుంది. ఇప్పుడు మీటరు అలాగే ఉంచి, ఫ్యూజులు ఒక్కొక్కటే పీకుతూ అంకె ఎప్పుడు పడుతుందో చూడు.

రాయగడ తమ్ముడు:
అన్నీ పీకాను మాస్టారూ. ఒకదానికి 0.43 కాస్తా 0.41 అయింది, అది స్టీరియో, గడియారం ఫ్యూజు. మిగతావాటికి ఉలుకూ పలుకూ లేదు. ఫ్యూజు బాక్సు ఖాళీగా ఉన్నా బండి 0.41 తాగుతూనే ఉంది. నాకు నిజంగా భయమేసింది.

గుణుపురం టాక్సీ:
సరే, స్టీరియో కాదు. ఒప్పుకున్నా.

పర్లాకిమిడి అక్క:
రేపు పొద్దున్న బండి తాకకముందే బానెట్ ఎత్తి డైనమో మీద చెయ్యి పెట్టు. పక్కన ఇంజిన్ చల్లగా ఉండి, అది మాత్రం వెచ్చగా తగిలిందేమో చెప్పు.

రాయగడ తమ్ముడు:
అక్కా, ఆరింటికి వెళ్లి చూశాను. రాత్రంతా వాన, ఇంజిన్ మీద చెయ్యి పెడితే జివ్వుమంది. డైనమో మాత్రం గోరువెచ్చగా ఉంది, కాఫీ తాగేసి పక్కన పెట్టిన గ్లాసులా.

పర్లాకిమిడి అక్క:
దొరికింది. డైనమో వెనక లావుపాటి వైరు నేరుగా బ్యాటరీకి పోతుంది, లోపలి చిన్న ఫ్యూజుల దారిలో రాదు. అందుకే నీ ఫ్యూజు బాక్సుకి తెలియలేదు. నిర్ధారణకి, బ్యాటరీ నెగటివ్ తీసేసి, ఆ లావు వైరు నట్టు విప్పి, కొసకి టేపు చుట్టి పక్కకి కట్టెయ్. తర్వాత మళ్లీ మీటరు పెట్టి చూడు.

రాయగడ తమ్ముడు:
0.02. అయితే గ్యారేజీవాళ్లు చెప్పింది నిజమేనా? మరి 14.1 ఛార్జింగ్ ఎలా వచ్చింది?

పర్లాకిమిడి అక్క:
వాళ్లు చెప్పిన పేరు నిజం, చెప్పిన కారణం తప్పు, చెప్పిన ఖర్చు ఇంకా తప్పు. లోపల డయోడ్లు కరెంటుని ఒకవైపే పోనిస్తాయి. వాటిలో ఒకటి వెనక్కి కూడా కారుస్తోంది. బావి మోటారు ఫుట్‌వాల్వు లీకైతే ఏమవుతుంది? మోటారు తిరిగినంతసేపు నీళ్లు బాగానే వస్తాయి, ఆపాక పైపులోవి వెనక్కి జారిపోతాయి. ఇదీ అంతే. డైనమో మొత్తం మార్చక్కర్లేదు, డయోడ్ ప్లేటు మారిస్తే చాలు. విప్పినప్పుడు కార్బన్లు (లోపల తిరిగే భాగానికి రాసుకుంటూ కరెంటు అందించే ముక్కలు), బేరింగులు కూడా చూపించుకో. నెగటివ్ పీకి చేసిన ఆ పరీక్షకే ఇలా అయిందా అంటే చెప్పలేను. నీ బాధ అంతకుముందు నుంచే ఉంది కదా.

రాయగడ తమ్ముడు:
డైనమోని గుడ్డసంచిలో పెట్టుకుని రైల్లో విజయనగరం తీసుకెళ్లాను. పాత వైండింగ్ షాపులో ఒక పెద్దాయన నా ముందే విప్పి, ప్లేటు మీద మీటరు పెట్టి చూపించారు. ఒక డయోడు అటూ ఇటూ రెండువైపులా అంకె చూపిస్తోంది, మిగతావి ఒకవైపే. ప్లేటు, ఒక బేరింగు, కార్బన్లు కలిపి 1,250 అయింది. బిగించి నాలుగు రోజులు కావాలనే కదపకుండా ఉంచాను. ఈరోజు పొద్దున్న 12.5, మొదటి తిప్పుకే లేచింది. పాత బ్యాటరీ కూడా బాగానే ఉండేదేమో, ఎక్స్చేంజిలో ఇచ్చేశాను, అదొక్కటే కడుపుమంట. మాస్టారూ, అక్కా, చాలా థాంక్స్.

గుణుపురం టాక్సీ:
ఆ మీటరు ఈ ఆదివారం నాకు ఇస్తావా గురూ? నా బండిలో బ్రేకు తొక్కితే డాష్‌బోర్డు మీద హైబీమ్ లైటు వెలుగుతోంది.

పర్లాకిమిడి అక్క:
అన్నగారూ, వెనక లైట్ల ఎర్త్ బోల్టు చూడండి ముందు. అక్కడ దొరక్కపోతే వేరే పోస్టు పెట్టండి.