సీ-41లో కడిగిన బ్లాక్ అండ్ వైట్ నెగటివ్ నిలుస్తుందా?

తిరుపతి నుంచి:
తాతయ్యగుంట గంగమ్మ జాతర వేషాలు ఈసారి ఇల్ఫోర్డ్ ఎక్స్‌పీ2 అనే బ్లాక్ అండ్ వైట్ ఫిల్ము మీద తీసి, కలర్ ల్యాబ్‌లో కలర్ ఫిల్ములు కడిగే సీ-41 కెమికల్స్‌లోనే కడిగించాను. గ్రెయిన్ నున్నగా ఉంది, దుమ్ము మచ్చల్ని స్కానరే తీసేస్తోంది. ఇది ఎక్కువకాలం నిలవదని అందరూ కొట్టిపారేస్తుంటే నాకు నచ్చడం లేదు. ఏ కెమికల్‌లో కడిగితేనేం, బ్లాక్ అండ్ వైటే కదా?

చిత్తూరు నుంచి:
అన్నా, చూడ్డానికి ఒకటే గానీ లోపల మిగిలేది వేరు. హెచ్‌పీ5, ట్రై-ఎక్స్ లాంటి మామూలు బ్లాక్ అండ్ వైట్ ఫిల్ముల్లో బొమ్మంతా వెండి. సీ-41 డెవలపర్ 37.8 డిగ్రీల వేడిలో, 3 నిమిషాల 15 సెకన్లలో వెండితోపాటు రంగునూ పుట్టిస్తుంది. ఆ తర్వాత బ్లీచ్, ఫిక్సర్ కలిసి వెండినంతా తీసేస్తాయి. మీ మాతంగి వేషం ఇప్పుడు ఉత్త రంగు మీద నిలబడి ఉంది. చీకట్లో దాచినా వేడికి, తేమకి ఆ రంగు మెల్లగా పలచబడుతుంది. మే నెలలో మన బీరువాలు ఎంత వేడెక్కుతాయో మీకు తెలియనిదా!

బ్లీచ్ సంగతి నాకు అనుభవమే. ఒక ల్యాబ్‌లో నా ట్రై-ఎక్స్ రీలు చూసుకోకుండా కలర్ మిషన్‌లో వేసేశారు. తెచ్చి ట్యూబ్‌లైటుకు ఎత్తి చూస్తే మొత్తం ఖాళీ. అంచున ఉండే ఫ్రేము నంబర్లు కూడా లేవు. అందులో రంగు పుట్టించే కప్లర్లు ఉండవు కాబట్టి వెండితోపాటే అన్నీ పోయాయి. మా అవ్వ చివరి ఫోటోలు అవే.

తిరుపతి నుంచి:
అవ్వ మాట చదివి మనసు కలుక్కుమంది తమ్ముడూ. కానీ వెండి మాత్రం శాశ్వతమా? మా నాన్న ఇంట్లో కడిగిన నెగటివ్‌లు పచ్చబడ్డాయి. ఫిల్ము అడుగున ఉండే ఎసిటేట్ ప్లాస్టిక్ పాడై పులుపు వాసన కొడితే వెండైనా రంగైనా ఒకటే. పైగా ఎక్స్‌పీ2లో రంగు కాస్త అటూఇటూ అయినా స్కాన్ చేసి గ్రే చేసుకోవచ్చు.

చిత్తూరు నుంచి:
గ్రే మాట ఒప్పుకుంటా. కానీ నీడల్లో మాసిపోయిన వివరం స్కానర్ తెచ్చివ్వలేదు. పచ్చబడటం చాలాసార్లు హైపో, అంటే ఫిక్సర్, సరిగ్గా కడగక మిగిలిపోవడం వల్లే. ట్యాంకులో కొత్త నీళ్లు పోసి 5 సార్లు, మళ్లీ మార్చి 10, ఇంకోసారి మార్చి 20 సార్లు తలకిందులుగా తిప్పితే హైపో పోతుంది, నీళ్లూ ఎక్కువ పట్టవు.

ఎక్స్‌పీ2 మానొద్దు అన్నా. దాచుకోవాలనుకున్న రీలు మాత్రం మామూలు బ్లాక్ అండ్ వైట్ డెవలపర్‌లో కడగండి. గ్రెయిన్ కొంచెం పెరుగుతుంది గానీ, బ్లీచ్ ఉండదు కాబట్టి వెండి మిగులుతుంది. ఈ జాతర నెగటివ్‌లను సిలికా జెల్‌తో గాలి చొరబడని డబ్బాలో పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి. బయటికి తీశాక చల్లదనం పోయేదాకా మూత తీయకండి, చెమ్మ పడుతుంది.