పాత జీఐ పైపులు ఇల్లంతా మార్చాలా? తిరుపతిలో చేయించుకున్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మాది తిరుపతి, కొర్లగుంట. ఇల్లు నాన్న 1988లో కట్టించారు, గోడల్లో అప్పటి జీఐ (జింకు పూత పూసిన ఇనుప) పైపులే. పొద్దున కొళాయి తిప్పగానే మొదటి చెంబుడు నీళ్లు టీ డికాషన్ రంగులో వస్తాయి, తర్వాత తేటపడతాయి. మేడమీద బాత్రూంలో చిటికెన వేలంత ధార కూడా రాదు. పోయిన వారం వంటింటి గోడ చెమ్మెక్కితే ప్లంబర్ పగలగొట్టి, పైపు ముక్క కోసి చేతిలో పెట్టాడు. ముప్పావు అంగుళం పైపులో తుప్పు, సున్నం పేరుకుపోయి పెన్సిల్ దూరేంత సందే మిగిలింది. మాది ఉప్పు ఎక్కువున్న బోరు నీళ్లు.

ఆ ముక్క మార్చి ఊరుకోమని ఒకాయన, మొత్తం సీపీవీసీ (వేడి నీళ్లు తట్టుకునే ప్లాస్టిక్ పైపు) వేసేయమని ఇంకొకాయన. అతుకులేస్తూ పోతే మళ్లీ మళ్లీ గోడ పగలగొట్టాల్సిందేనని నా టెన్షన్. పాత లైను గోడలోనే వదిలేసి, కొత్తది బయటి గోడ మీదుగా దింపొచ్చా? మన ఎండలకు సీపీవీసీ పెళుసెక్కకుండా పెయింట్ వేస్తే చాలా? వేడి నీళ్లకు యూపీవీసీ (చన్నీళ్లకు వేసే గట్టి ప్లాస్టిక్ పైపు) పనికిరాదని తెలుసు, సోలార్ హీటర్ లైనుకు మీరేం వేశారు?

అమ్మకు 78 ఏళ్లు, మోకాళ్ల నొప్పులు. ఆమె బాత్రూం ఒక్కరోజు కూడా ఆపలేను. ఇంట్లో ఉంటూనే పని చేయించుకున్నవాళ్లు ఏది ముందు చేయించారో, ఎన్ని రోజులు పట్టిందో దయచేసి చెప్పండి.