కీత్ పూల్ పద్ధతిని మన లోక్‌సభకు వర్తింపజేయవచ్చునా?

పరిశోధక విద్యార్థి:
పీహెచ్‌డీ అంశం కోసం వెతుకుతూ అమెరికా రాజనీతి శాస్త్రవేత్తలు కీత్ పూల్, హోవర్డ్ రోసెంథాల్‌ల కృషిని చదువుతున్నాను. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో 1980ల ఆరంభంలో వారు రూపొందించిన ‘నామినేట్’ పద్ధతి, అమెరికా కాంగ్రెస్ సభ్యులు వేసిన ఓట్లను మాత్రమే ఆధారంగా తీసుకొని, ఒక్కొక్కరికీ వామపక్షం నుంచి మితవాదం (కుడిపక్షం) దాకా సాగే కొలబద్దపై ఒక స్థానం నిర్ణయిస్తుంది. మన లోక్‌సభపై ఇటువంటి అధ్యయనం సాధ్యమేనా?

విశ్రాంత అధ్యాపకుడు:
పూల్ 1978లో రోచెస్టర్ విశ్వవిద్యాలయం నుంచి డాక్టరేట్ పొందారు. రాజకీయాలను గణిత నమూనాలతో పరిశీలించే సంప్రదాయాన్ని విలియం రైకర్ నెలకొల్పింది అక్కడే. తరువాత రోసెంథాల్‌తో కలిసి 1789 నాటి మొదటి కాంగ్రెస్ నుంచి నమోదైన ఓట్లన్నింటినీ లెక్కలోకి తెచ్చారు. ఇరవయ్యో శతాబ్దం మధ్యలో రెండు పార్టీల సభ్యుల స్థానాలు కొంతమేర కలిసిపోయి ఉండేవనీ, పౌరహక్కుల విషయంలో దక్షిణాది డెమొక్రాట్లు సొంత పార్టీకి దూరంగా నిలిచారనీ, 1970ల నుంచి పార్టీల మధ్య ఎడం పెరుగుతూ వచ్చిందనీ ఆ లెక్కలు చూపాయి. ధ్రువీకరణను, అంటే పార్టీలు రెండు ధ్రువాలుగా విడిపోవడాన్ని, అభిప్రాయంగా కాక కొలతగా చర్చించడం వారి వల్లే అలవాటైందని నా భావన.

మరొక సభ్యుడు:
ఆ కొలతను కళ్లు మూసుకొని నమ్మకండి. 2021 నవంబరులో మౌలిక వసతుల బిల్లును ప్రతినిధుల సభలో ఆరుగురు డెమొక్రాట్లు, దానితో పాటే సామాజిక వ్యయ బిల్లు కూడా రాలేదన్న అసంతృప్తితో వ్యతిరేకించారు. కారణం ఏదైనా, ఈ లెక్కకు అది రిపబ్లికన్లతో కలిసి వేసిన ఓటే.

విశ్రాంత అధ్యాపకుడు:
నిజమే. మన దగ్గర చిక్కు అంతకంటే మొదట్లోనే ఉంది. 1985లో 52వ రాజ్యాంగ సవరణతో పదో షెడ్యూలు (పార్టీ ఫిరాయింపుల నిరోధక నిబంధనలు) వచ్చాక, విప్‌ను ధిక్కరించిన సభ్యుడు పదవినే పోగొట్టుకోవచ్చు కనుక, ఓటు అతని మనసును కాక పార్టీ ఆదేశాన్నే చూపుతుంది. పైగా బిల్లులు చాలావరకు మూజువాణి ఓటుతోనే గట్టెక్కుతాయి. 2014 ఫిబ్రవరి 18న ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు లోక్‌సభలో అలాగే ఆమోదం పొందింది. అంతటి నిర్ణయానికి ఎవరెటు నిలిచారో చూపే పేరుపేరునా పట్టిక లేదు.

పరిశోధక విద్యార్థి:
అయితే 1985కు ముందటి రాజ్యాంగ సవరణ బిల్లులు తీసుకుంటే?

విశ్రాంత అధ్యాపకుడు:
తీసుకోవచ్చును. వాటికి ప్రత్యేక మెజారిటీ, అంటే ఓటు వేసినవారిలో కనీసం మూడింట రెండు వంతుల మద్దతు, అవసరం కనుక డివిజన్ (ఓట్లను లెక్కించి నమోదు చేయడం) తప్పదు. 1970లో రాజభరణాల (మాజీ సంస్థానాధీశులకు ప్రభుత్వం చెల్లించే భృతి) రద్దు బిల్లు రాజ్యసభలో 149–75తో, మూడింట రెండు వంతులకు ఒక్క ఓటైనా పూర్తిగా తగ్గకుండానే వీగిపోయింది. అయితే అటువంటి డివిజన్లు కొన్నే కాబట్టి, నామినేట్ కంటే సరళమైన లెక్కతో మొదలుపెట్టండి.