పిల్లల ఎత్తు: జీన్సా, తిండా?

సిరివాళ్లమ్మ: పాపకు ఏడేళ్లు, క్లాసులో అందరికంటే పొట్టి. డాక్టర్ గారు పరీక్షలన్నీ చేయించి, "ఎదుగుదల బాగానే ఉంది, తల్లి పోలిక" అన్నారు. ఎత్తు 80 శాతం జీన్సేనని చదివాను. అయినా ఇంట్లో అందరూ "నువ్వు సరిగ్గా తినిపించట్లేదు" అంటారు. మీరేమంటారు?

మెతుకుసీమ: ఆ 80 శాతానికి మీరనుకునే అర్థం లేదండీ. మనిషి ఎత్తులో 80 పాళ్లు జీన్స్, 20 పాళ్లు తిండి అని కాదు. కడుపునిండా తినే జనంలో ఒకరికీ ఇంకొకరికీ ఉండే తేడాలో వంశం వాటా సుమారు అంత అని. దక్షిణ కొరియానే చూడండి. 1896లో పుట్టిన ఆడవాళ్ల కంటే 1996లో పుట్టినవాళ్లు సగటున 20 సెం.మీ. ఎత్తు. వందేళ్లలో జీన్స్ అంతగా మారవు కదా.

సిరివాళ్లమ్మ: 2022లో 54 లక్షల మంది డీఎన్‌ఏ చూసి, ఎత్తుతో ముడిపడ్డ తేడాలు 12 వేలకు పైగా ఉన్నాయని తేల్చారు. అదీ తప్పేనా?

మెతుకుసీమ: తప్పని ఎవరన్నారు? అందులో ఎక్కువమంది యూరప్ మూలాలవాళ్లే. మన దగ్గరి సంగతి చెప్తాను. 1987-90లో హైదరాబాద్ చుట్టుపక్కల కొన్ని ఊళ్లలో గర్భిణులకూ చిన్నపిల్లలకూ అదనపు ఆహారం ఇచ్చారు, కొన్ని ఊళ్లలో ఇవ్వలేదు. టీనేజీకి వచ్చాక కొలిస్తే, ఇచ్చిన ఊళ్ల పిల్లలు సగటున 14 మి.మీ. ఎత్తు.

కొబ్బరితోట: రోజూ గుడ్డు, పాలు ఇవ్వండి. మావాడు పదో తరగతి అయ్యాక ఒక్కసారిగా సాగాడు.

సిరివాళ్లమ్మ: 14 మిల్లీమీటర్లా! గోరంత. దానికోసమా నన్నిన్ని మాటలనేది?

మెతుకుసీమ: గోరంతా? నేను హాస్టల్లో నీళ్లచారు తిని పెరిగాను. ఇంటి దగ్గరే పెరిగిన మా తమ్ముడు నాకంటే నాలుగు వేళ్లు ఎత్తు. పిల్లలు ఎదగట్లేదని మా నాన్న అడిగితే, "మీ రక్తమే అంత" అన్నాడు వార్డెన్. జీన్స్ అని ఎవరన్నా నాకు ఆ మాటే వినబడుతుంది.

సిరివాళ్లమ్మ: అన్నం గిన్నె పట్టుకుని పాప వెనకాల మేడంతా తిరిగేదాన్ని నేను. అయినా పెళ్లిలో నలుగురి ముందూ మా అత్తగారు "దీనికి పిల్లని పెంచడం రాదు" అన్నారు. జీన్స్ అంటేనే నన్ను వదిలేస్తారు. అది కూడా లాక్కుంటే నేనేం చెప్పుకోవాలి?

మెతుకుసీమ: తల్లిని అనడం నేనూ ఒప్పుకోను. కానీ మీ ఇంట్లో నోళ్లు మూయించే ఆ మాటతోనే హాస్టల్లో పిల్లల గుడ్డు ఎగ్గొడతారు.

సిరివాళ్లమ్మ: అయితే వాళ్లని నిలదీయండి. నా మీదికి రాకండి.

అంగన్‌వాడీ టీచర్: సిరి అమ్మగారూ, పక్కపిల్లతో పోల్చకండి. ఏడాదికి ఎంత పెరుగుతోంది? ఈ వయసులో 5 సెం.మీ. అటూఇటూగా పెరగాలి. బాగా తగ్గితే మళ్లీ చూపించండి.

సిరివాళ్లమ్మ: పోయిన ఏడాది 6 పెరిగిందండీ.

మెతుకుసీమ: మంచిదే. ఆ 80 శాతం సంగతి మాత్రం నేను వదలను.