గోడలోకి ఏ కోయాక్సియల్ వైరు వేయించాలి? ప్లాస్టరింగ్ వచ్చే వారమే

ప్రశ్న (నల్గొండ నుంచి):

అందరికీ నమస్కారమండి. మేం ఇల్లు కట్టుకుంటున్నాం, కింద ఒక అంతస్తు, పైన ఒక అంతస్తు. వచ్చే వారం ప్లాస్టరింగ్ మొదలు. టీవీ వైర్ల సంగతి ఈలోపే తేల్చమని మేస్త్రి తొందర చేస్తున్నాడు. మేడ మీద డీడీ ఫ్రీ డిష్ పెడతాం. కింద హాల్లో టీవీ, హోమ్ థియేటర్ ఆంప్లిఫయర్ ఉంటాయి, పైన పడకగదిలో ఇంకో టీవీ. డిష్ నుంచి హాలు దాకా వైరు నడిచే దారి టేపు పెట్టి కొలిస్తే 28 మీటర్లు వచ్చింది.

షాపులో మూడు రకాలు చూపించారు: సన్నగా ఉండే ఆర్‌జి-59, లావుగా ఉండే ఆర్‌జి-6, ఆర్‌జి-6లోనే నాలుగు పొరల కవచం ఉన్నది. "సీసీ కెమెరాలకు వేసేది ఆర్‌జి-59, లోపల అచ్చమైన రాగి, అదే తీసుకోండి" అన్నాడు షాపతను. టీవీ నుంచి ఆంప్లిఫయర్‌కి బంగారు పూత పిన్నుల డిజిటల్ కోయాక్సియల్ కేబుల్ కూడా కొనమంటున్నాడు. ఆ ఒక్కటే డిష్ వైరు మొత్తం కంటే ఎక్కువ ధర. ఏది అవసరం, ఏది అక్కర్లేదు? దయచేసి చెప్పండి.

జవాబు (విజయవాడ నుంచి):

మంచి సమయంలో అడిగారండి. ప్లాస్టరింగ్ అయ్యాక అడిగేవాళ్లే ఎక్కువ, అప్పుడు గోడ పగలగొట్టడం తప్ప దారి ఉండదు. ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను కాబట్టి కాస్త వివరంగానే రాస్తాను.

ముందు షాపతను చెప్పిన మాట సంగతి. సీసీ కెమెరాకు ఆర్‌జి-59 వేయడం సరైనదే, కానీ మీ డిష్‌కు అది సరిపోదు. రెండూ 75 ఓంల వైర్లే (ఇది సిగ్నల్‌కు సంబంధించిన గుణం, పొడవుతో మారదు), తేడా వాటిలో నడిచే సిగ్నల్‌లో ఉంది. పాత అనలాగ్ కెమెరా వీడియో దాదాపు సున్నా నుంచి 6 మెగాహెర్ట్జ్ వరకే ఉంటుంది. డిష్ మీది ఎల్ఎన్‌బి (డిష్ ముందు ఉండి సిగ్నల్ పట్టే చిన్న పెట్టె) కిందికి పంపేది 950 నుంచి 2150 మెగాహెర్ట్జ్. పౌనఃపున్యం పెరిగేకొద్దీ వైరు సిగ్నల్‌ను ఎక్కువ తినేస్తుంది. 1000 మెగాహెర్ట్జ్ దగ్గర 100 మీటర్లకు ఆర్‌జి-59లో పోయేది సుమారు 26 డెసిబెల్లు, ఆర్‌జి-6లో సుమారు 20, ఇంకా లావుగా ఉండే ఆర్‌జి-11లో సుమారు 14. ప్రతి 3 డెసిబెల్లకూ సిగ్నల్ శక్తి సగమవుతుందని గుర్తుంచుకుంటే ఈ తేడా ఎంతటిదో తెలుస్తుంది. 2150 దగ్గర అయితే ఆర్‌జి-6లోనే 100 మీటర్లకు 30 దాటుతుంది. మీ 28 మీటర్లకు 10 డెసిబెల్ల లోపే కాబట్టి ఆర్‌జి-6 హాయిగా సరిపోతుంది. ఆర్‌జి-11 వద్దు. అది మందంగా, బిర్రుగా ఉంటుంది, ఇంటి పైపుల్లో మలుపు తిరగదు. అపార్టుమెంట్లలో 60, 70 మీటర్లు లాగాల్సి వచ్చినప్పుడు దాని మాట.

వైరు మీద 75 ఓంలు అని అచ్చువేసి ఉందో లేదో చూడండి. వైర్‌లెస్ సెట్ల యాంటెన్నాలకు వాడే 50 ఓంల వైరు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటుంది, ఒక్కోసారి అదే రోల్ అంటగడతారు. మేడల మీద యాంటెన్నాలు ఉన్న రోజుల్లో చదునుగా రెండు తీగలతో ఒక వైరు దిగేది, గుర్తుందా? అది 300 ఓంలది. టీవీ వెనక 75 ఓంల రంధ్రం ఉంటే మధ్యలో చిన్న ట్రాన్స్‌ఫార్మర్ పెట్టేవాళ్లం. ఓంలు కలవకపోతే సిగ్నల్ కొంత వెనక్కి కొడుతుంది.

వ్యాఖ్య (వరంగల్ నుంచి):

అన్నా, ఆర్‌జి-6 అన్నారు బాగుంది. కానీ మార్కెట్లో దొరికే చాలా ఆర్‌జి-6 లోపల ఉక్కు తీగే, పైన రాగి పూత. అయస్కాంతం పెడితే అంటుకుంటుంది. అలాంటిది ఎలా వేయమంటాం? అచ్చమైన రాగిదే తీసుకోమని చెప్పాలి కదా.

జవాబు (విజయవాడ నుంచి):

తమ్ముడూ, అయస్కాంతం పరీక్ష మంచిదే, కాకపోతే ఉక్కు అనగానే మోసం అనుకోకూడదు. ఎక్కువ పౌనఃపున్యంలో కరెంటు తీగ లోపలికి పోదు, పైపొరలోనే పారుతుంది. 1000 మెగాహెర్ట్జ్ దగ్గర రాగిలో ఆ పొర మందం రెండు మైక్రాన్ల పైచిలుకే. పూత అంతకంటే చాలా మందం, కాబట్టి సిగ్నల్ మొత్తం రాగిలోనే నడుస్తుంది.

మరి ఉక్కు ఎక్కడ దెబ్బ తీస్తుందంటే ఎల్ఎన్‌బికి కరెంటు పంపే చోట. సెట్ టాప్ బాక్సు ఇదే వైరులో 13 లేదా 18 వోల్టులు పైకి పంపుతుంది. అది డీసీ, తీగ మొత్తంలో పారుతుంది. ఉక్కు తీగకు 100 మీటర్లకు సుమారు 9 ఓంలు, రాగికి 2 ఓంల చిల్లర. మీ 28 మీటర్లకు ఉక్కయితే రెండున్నర ఓంలు. ఎల్ఎన్‌బి 200 మిల్లీఆంపియర్లు తీసుకున్నా పడిపోయేది అర వోల్టు, దాంతో ఏమీ కాదు. అదే 80 మీటర్లు అయి, నాసి రకం బాక్సు అయితే 18 వోల్టులు అందక సగం చానెళ్లు మాయమవుతాయి. అంత దూరానికి రాగి తప్పనిసరి. సీసీ కెమెరాకు దూరంతో పని లేకుండా రాగే వేయాలి, తక్కువ పౌనఃపున్యంలో సిగ్నల్ తీగ లోపలికీ పోతుంది కాబట్టి. షాపతను చెప్పిన రాగి మాట అక్కడికి నిజం.

తీగ చుట్టూ కవచంగా ఉండే అల్లికలో మాత్రం రాజీ పడొద్దు. చివర కోసి చూడండి: రేకు పైన వెంట్రుకల్లాంటి అల్లిక ఒత్తుగా ఉండాలి. పది పదిహేను పోగులు విడివిడిగా కనిపించే వైరును నేను చేతితో ముట్టుకోను. నాలుగు పొరలది మొబైల్ టవర్ పక్కనే ఇల్లు ఉంటే తీసుకోండి, లేకపోతే ఒత్తు అల్లిక ఉన్న మామూలుది చాలు.

ప్రశ్న (నల్గొండ నుంచి):

చాలా థాంక్సండి. మరి రెండు టీవీలకు ఒకే వైరు తెచ్చి, హాల్లో స్ప్లిటర్ పెట్టుకోవచ్చా? ఒక పైపు ఖర్చు తగ్గుతుంది.

జవాబు (విజయవాడ నుంచి):

వద్దండి. కేబుల్ టీవీకి స్ప్లిటర్ నడుస్తుంది, డిష్‌కు కుదరదు. ప్రతి బాక్సూ తనకు కావలసిన చానెల్‌ను బట్టి 13 వోల్టులో 18 వోల్టులో పంపి, ఏ చానెళ్లు కావాలో ఎల్ఎన్‌బికి చెబుతుంది. ఇద్దరు యజమానులు ఒకే పనివాడికి వేర్వేరు పనులు చెప్పినట్టవుతుంది. పైగా కేబుల్ టీవీ స్ప్లిటర్లు చాలావాటికి 1000 మెగాహెర్ట్జే హద్దు. రెండు అవుట్‌పుట్లున్న ఎల్ఎన్‌బి తీసుకుని, మేడ మీది నుంచి రెండు వైర్లు విడిగా దించండి.

పైపు 25 మిల్లీమీటర్లది వేయించండి. మూలల్లో ఎల్బో బిగించొద్దు, పైపునే వంచమనండి. వైరు మందం 7 మిల్లీమీటర్లు ఉంటుంది, దాన్ని 7 సెంటీమీటర్ల వ్యాసార్థం కంటే ఇరుకుగా మడిస్తే లోపలి తెల్ల నురగ నలిగి, ఆ చోట ఓంలు మారిపోతాయి. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ దూర్చనివ్వకండి. అది ప్రాణానికి సంబంధించిన విషయం.

వ్యాఖ్య (కాకినాడ నుంచి):

మధ్యలో అడుగుతున్నందుకు ఏమీ అనుకోకండి. మా ఇంట్లో వానొస్తే బొమ్మ పోతుంది. వాన వెలిశాక కూడా మర్నాడు మధ్యాహ్నం దాకా రాదు. వైరు మార్చాలంటారా?

జవాబు (విజయవాడ నుంచి):

కుండపోతగా కురిసేటప్పుడు బొమ్మ పోవడం డిష్ టీవీ వాడే కేయూ బ్యాండ్‌లో సహజం, వాన తగ్గగానే రావాలి. మర్నాడు ఎండ కాశాక వస్తోందంటే ఎల్ఎన్‌బి దగ్గరి ఎఫ్ కనెక్టర్‌లోకి (వైరు చివర మరలా తిప్పి బిగించేది) నీళ్లు పోతున్నాయి. విప్పి చూడండి, అల్లిక నల్లబడో పచ్చబడో ఉంటుంది. అక్కడికి ఒక అడుగు వైరు కోసేసి కొత్త కనెక్టర్ వేయండి. లోపల ఇంకా నలుపు కనిపిస్తే ఇంకో అడుగు కోయండి. అప్పటికీ నల్లగానే ఉంటే వైరు మార్చాల్సిందే.

చేత్తో తిప్పి ఎక్కించే కనెక్టర్లు బయట పనికిరావు. కంప్రెషన్ రకం వేయించుకోండి, ఆ పనిముట్టు ఉన్న మనిషినే పిలవండి. మధ్య తీగ కనెక్టర్ అంచు దాటి 3 మిల్లీమీటర్లు కనిపించాలి. అల్లికలో ఒక్క పోగు మధ్య తీగకు తగిలినా షార్టే. పైన తనకు తాను అతుక్కునే రబ్బరు టేపు కింది నుంచి పైకి చుట్టండి, అప్పుడు పొరల మీద నీరు పెంకుల మీది నుంచి జారినట్టు జారుతుంది. గోడలోకి దూరే ముందు వైరును కిందికి ఒక వంపు తిప్పండి, నీటి చుక్క అక్కడే రాలిపోతుంది. నేను చూసిన ఫిర్యాదుల్లో వైరు తప్పు కంటే ఈ అతుకుల తప్పే చాలా ఎక్కువ. జనం వైరు కంపెనీ గురించి గంటసేపు బేరమాడి, కనెక్టర్ మాత్రం ఏది ఇస్తే అది తీసుకుంటారు. అది చూస్తే బాధేస్తుంది.

వ్యాఖ్య (హైదరాబాద్ నుంచి):

ఆడియో కేబుల్ గురించి ఎవరూ చెప్పలేదు, నేను చెబుతాను. నల్గొండ గారూ, ఆ బంగారు పిన్నులది కొనకండి. ముందు టీవీ వెనక చూడండి. చాలా టీవీలకు కోయాక్సియల్ ఆడియో అవుట్ ఉండదు, ఆప్టికల్ ఉంటుంది. హెచ్‌డీఎంఐ రంధ్రం పక్కన ఏఆర్‌సీ (టీవీ శబ్దాన్ని ఆ కేబుల్‌లోనే ఆంప్లిఫయర్‌కు పంపే సదుపాయం) అని రాసి ఉండి, ఆంప్లిఫయర్‌కూ అదే ఉంటే ఒక మామూలు హెచ్‌డీఎంఐ కేబుల్‌తో పని అయిపోతుంది. కోయాక్సియల్‌లో రెండు చానెళ్ల పీసీఎం (కుదించని మామూలు డిజిటల్ శబ్దం), పాత రకం డాల్బీ డిజిటల్, డీటీఎస్ వరకే వెళ్తాయి. డాల్బీ ట్రూహెచ్‌డీ లాంటివి అందులో పట్టవు, ఎంత ఖరీదైన కేబుల్ అయినా.

పాత డీవీడీ ప్లేయర్ ఉండి దాన్నే కలపాలంటే, దాని నారింజ రంగు రంధ్రానికి వీడియోకు వాడే పసుపు పిన్నుల కేబుల్ పెట్టండి. అదీ 75 ఓంలదే. మీటరు, రెండు మీటర్లకు తేడా రాదు. అందులో వెళ్లేవి అంకెలు. చేరితే పూర్తిగా చేరతాయి, లేకపోతే చిటపటలో, నిశ్శబ్దమో వినిపిస్తుంది. బంగారం పూత తుప్పు పట్టకుండా కాపాడుతుంది తప్ప శబ్దానికి తీపి ఇవ్వదు. మిగిలిన ఆర్‌జి-6 ముక్కకు ఆర్‌సీఏ పిన్నులు (ఆ పసుపు పిన్నుల రకమే) వేసి సబ్‌వూఫర్‌కు లాక్కోవచ్చు. మా ఇంట్లో 9 మీటర్లు అలాగే నడుస్తోంది.

ఇంకో మాట. అన్నీ కలిపాక స్పీకర్లలో సన్నగా గుయ్‌మని మోత వస్తే, ముందు గోడలోంచి వచ్చే కోయాక్సియల్ వైరు ఊడదీయండి. మోత ఆగితే దోషం రెండు చోట్ల ఎర్త్ కలవడంలో ఉంది, ఆంప్లిఫయర్‌లో కాదు.

ప్రశ్న (నల్గొండ నుంచి):

ఎంతో మేలు చేశారండి. మా టీవీకి, ఆంప్లిఫయర్‌కి రెండింటికీ ఏఆర్‌సీ ఉంది, ఇప్పుడే చూశాను. ఆ కేబుల్ మానేశాం. మామూలు ఆర్‌జి-6 తీసుకున్నాను. కోసి చూపించమంటే షాపతను ముందు ఒప్పుకోలేదు, తర్వాత చూపించాడు, అల్లిక ఒత్తుగానే ఉంది. పైపులు రేపు వేస్తున్నారు. డిష్ మేడ మీద ఏ మూల పెట్టాలో కూడా చెబితే పైపు అటే తీసుకెళ్తాం.

జవాబు (విజయవాడ నుంచి):

ఫ్రీ డిష్ వచ్చే జీశాట్-15 ఉపగ్రహం 93.5 డిగ్రీల తూర్పున ఉంది. మీకు అది ఆగ్నేయం వైపు, బాగా ఎత్తులో. ఆ దిక్కున నీళ్ల ట్యాంకు, కొబ్బరి చెట్టు అడ్డం రాని చోటు చూసుకోండి, చెట్టు రేపు పెరుగుతుందని కూడా లెక్క వేసుకోండి. మేడ మీద పైపు మూతి కిందికి వంగి ఉండాలి, నిలువుగా వదిలేస్తే వాననీరు నేరుగా హాల్లోకి దిగుతుంది. వైరు ఇప్పుడే లాగకండి. పైపులో నైలాన్ తాడు ఒకటి వేసి, ప్లాస్టరింగ్ అయ్యేదాకా రెండు మూతులూ గుడ్డతో బిగించి కట్టండి. సిమెంటు పడితే మళ్లీ తెరుచుకోదు.